లైవ్‌లో పెట్టిన బొట్టు

నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఎన్నికలప్పుడు ఒక నాయకుడు లింగాల ఘనపూర్‌లో మా వాడకు వచ్చాడు. ఆయన వెంట వచ్చిన వీడియో తీసే పిలగాడు నా చేతిలో కుంకుమ పళ్లెం పెట్టి, "అవ్వా, అన్నకు బొట్టు పెట్టు, లైవ్ నడుస్తాంది" అన్నాడు.

మా ఆయన పోయాక నేను ఎవరికీ బొట్టు పెట్టలేదు. కూతురి పెళ్లిలోనూ దూరంగానే నిలబడ్డాను.

"మొగడు లేనిదాని చేతితోనా! ఆయన ఓడితే నీ మీదికే వస్తది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

పళ్లెం తిరిగి ఇవ్వబోయాను. నాయకుడు నా బోసి నొసలు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. తల వంచి, "పెట్టవ్వా, నువ్వు మా అమ్మ లెక్క" అన్నాడు. పెట్టాను.

తర్వాత మనవరాలు ఆ వీడియో చూపించింది. నా చెయ్యి మీదుగా ఎర్రటి గుండె బొమ్మలు తేలిపోతుంటే, ఎవరు పంపుతున్నారా అని వింతగా చూశాను.

ఎన్నికలయ్యాక పక్కింటి స్వరూప తన బిడ్డను తొట్టెలలో వేసే వేడుకకు నన్ను పిలిచింది. "గంత పెద్ద మనిషికి పెట్టినవ్, నా బిడ్డకు పెట్టవా అత్తా?" అంది.

ఆ నాయకుడు తల వంచింది నా కోసమా, ఫోన్ కోసమా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. స్వరూప బిడ్డకు పెట్టినప్పుడు మాత్రం ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు.