ఊడిన రంగు

గాలానికి కట్టే ఇత్తడి రేకులకు రంగు వేయడంలో రేకుల పెద్దాయనను మించినవాడు లేడు. ఆయన రేకు నీళ్లలో గిరగిరా తిరిగితే చేప దాన్ని చిన్న చేపనుకుని ఎగబడేది. పన్నెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి పనంతా నేర్పాడు, ఒక్కటి తప్ప. రంగుకు ముందు రేకును థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి, ఆ తర్వాత వేలు తగలనివ్వకూడదు. వేలి జిడ్డు అంటితే రంగు నిలవదు. ఆ సంగతి మహానుభావుడు కడుపులోనే దాచుకున్నాడు. రోజూ తమ్ముడు రాకముందే రేకులన్నీ తుడిచి తీగకు వేలాడదీసేవాడు.

తమ్ముడు వేరుపడి సొంతంగా కొట్టు పెట్టాడు. నెల తిరక్కుండానే రంగు ఊడిన రేకులు పట్టుకుని వచ్చాడు.

“కొన్నవాళ్లు మొహాన కొట్టి పోతున్నారన్నయ్యా. అంతా నువ్వు చెప్పినట్టే చేశాను. పొరపాటెక్కడో చెప్పవా?”

పెద్దాయన ఒక రేకును వెలుతురుకు ఎత్తి చూశాడు. రంగు లేచిపోయిన చోట తమ్ముడి బొటనవేలి ముద్ర అచ్చు గుద్దినట్టుంది.

“పొరపాటేం లేదురా. కొందరికి ఈ పని అబ్బదు, అంతే. ఆ కొట్టు మూసేసి నా దగ్గరికే వచ్చెయ్.”

తమ్ముడు కళ్లు తుడుచుకుని, అన్నయ్య చేతులు పట్టుకున్నాడు.

మర్నాడు అతను వచ్చేసరికి, తుడిచిన రేకులు తీగకు వేలాడుతూ సిద్ధంగా ఉన్నాయి.