భయపడే చేతికి దగ్గర దారి

పోయిన వారం మా సార్ పోయారు. పొద్దున్నే కొత్తపేట రైతు బజారుకని బయల్దేరి దారిలో కుప్పకూలిపోయారట. ఎవరో ఆటోలో వేసి దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చారు. ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉంది. మధ్యాహ్నం ఆయన భార్య, మా మేడమ్, వెతుక్కుంటూ వెళ్లేదాకా ఆయనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఆ కబురు చెప్పడానికి మేడమ్ ఫోన్ చేస్తే నా నోట మొదట వచ్చిన మాట, "పేరు తెల్వదని బయటనే పండబెట్టిన్రా మేడమ్?" అని. "లేదమ్మా, వెంటనే లోపలికి తీసుకున్నారు. చెయ్యాల్సిందంతా చేశారు" అన్నారావిడ. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. అప్పటిదాకా ఒట్టి భయమే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆయన మాకు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. వాళ్లది గుంటూరు వైపు. నేను నల్లగొండ పిల్లను. అమ్మ, నేను, తమ్ముడు కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ధైర్యవంతులని రాయడం మర్యాద. మా సార్ గురించి అలా రాస్తే ఆయనే నవ్వుతారు. అంత పిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. మెయిన్ రోడ్డు దాటాలంటే బిడ్డను చంకనేసుకున్న ఆడమనిషి ఎవరైనా వచ్చేదాకా ఆగి, ఆమె వెనకాలే దాటేవారు. లైను రాస్తే సేవ్, చుక్క పెడితే సేవ్. "ఏమో, ఏమైనా అవ్వచ్చు" అన్నది ఆయన ఊతపదం. మేం చాటుగా పరేషాన్ సార్ అనుకునేవాళ్లం.

అవి ఉద్యమం రోజులు. ఎప్పుడు బంద్ పిలుపు వస్తుందో, ఎప్పుడు షట్టర్లు దించాల్సి వస్తుందో తెలిసేది కాదు. ఒకసారి క్లాసులో ఒకడు నవ్వుతూనే అడిగాడు, "తెలంగాణ వస్తె మీరు పోతరా సార్?" అని. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమో బాబూ. ముందు నువ్వు ఫైలు సేవ్ చెయ్యి" అన్నారు. వాడు చేశాడు.

కొత్త బ్యాచ్ రాగానే ఆయన మౌసులన్నీ తీసి మానిటర్ల వెనక వేలాడదీసేవారు. ప్రోగ్రాం రాసేటప్పుడు మెనూ పేరులో ఒక అక్షరం ముందు చిన్న గుర్తు పెడితే దాని కింద గీత పడుతుంది. కీబోర్డు మీద ఆల్ట్ మీట పట్టుకుని ఆ అక్షరం కొడితే మెనూ తెరుచుకుంటుంది. ఇంతే పాఠం. ఈ కాస్తదాన్నీ ఆయన రోజుల తరబడి చెప్పేవారు. మేం విసుక్కుంటే, "చెయ్యి వణికేటప్పుడు మౌస్ మాట వినదమ్మా. భయపడేవాడికి దగ్గర దారి ఉండాలి" అనేవారు. ఈ ప్రోగ్రాములు వాడేవాళ్లంతా ఆయనలాగే భయస్తులని ఆయన నమ్మకం.

ఎల్బీ నగర్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి రోగుల వివరాలు రాసుకునే ప్రోగ్రాం చేసే పని ఆయనకొచ్చింది. నన్నూ కలుపుకున్నారు. పేషెంట్ మెనూలో 'కొత్త రోగి' కింద సార్ ఇంకోటి పెట్టారు: 'పేరు తెలియదు'. మెనూలన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి 'న్యూ'కి ఎన్, 'అన్‌నోన్'కి యు. చూపించిన రోజు ఆసుపత్రి మేనేజర్ మొహం చిట్లించాడు. "గిదేంది సార్, పేరు లేకుంట ఎవరొస్తరు? అపశకునం. తీసెయ్యండి."

సార్‌కి చెమటలు పట్టాయి. ఎవరేమన్నా సరేననే మనిషి. "రారండీ. ఏమో, వస్తే?" అన్నారు. మేనేజర్ ఎంత గట్టిగా అన్నా అదే మాట. చివరికి అతనే విసిగి వదిలేశాడు. ఆ ఆసుపత్రి కౌంటరులోనే నాకు ఉద్యోగమూ దొరికింది.

ఒక బంద్ రోజు. తమ్ముడు గళ్ల చొక్కా వేసుకుని పొద్దున్నే ఊరేగింపుకి పోయాడు. మధ్యాహ్నం చౌరస్తా దగ్గర ఏదో గొడవై జనం పరుగెత్తారట. కింద పడ్డవాళ్లను మా ఆసుపత్రికి మోసుకురావడం మొదలైంది. తమ్ముడికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. డాక్టరు లోపలి నుంచి "నంబరు ఇవ్వమ్మా, నంబరు!" అని అరుస్తున్నారు. కంప్యూటర్లో పేరు ఎక్కితే గానీ నంబరు రాదు, నంబరు లేనిదే స్కానింగు గదిలోకి తీసుకోరు. నా చెయ్యి వణికి తెరమీద బాణం ఒకచోట నిలవడం లేదు. సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, చేతులు ఆడ్తలేవు. నాకు భయమైతుంది."

"నాకూ భయంగానే ఉందమ్మా. మౌస్ వదిలెయ్. ఆల్ట్, పి. ఆ తర్వాత ఎన్."

ఆయన రాలేదు. వస్తానని కూడా అనలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. ఆయన అక్షరాలు చెబుతుంటే నేను కొడుతూ పోయాను, పేర్లు ఎక్కుతున్నాయి. అప్పుడు ఒక పిల్లవాణ్ని తెచ్చారు. స్పృహ లేదు. మొహం నిండా రక్తం. గళ్ల చొక్కా.

"సార్, గళ్ల అంగి సార్. మా తమ్ముడేమో సార్."

"చూడకమ్మా. ముందు కొట్టు. తర్వాత చూద్దువు. ఆల్ట్, పి. యు."

కొట్టాను. నంబరు పడింది. పిల్లవాణ్ని లోపలికి తీసుకుపోయారు. కుట్లు వేసి, మొహం తుడిచాక నర్సు పిలిచింది. ఫోన్ చెవికి పెట్టుకునే వెళ్లి చూశాను. మా తమ్ముడు కాదు. ప్రాణానికి భయం లేదన్నారు. మా వాడు సాయంత్రానికి బాష్పవాయువుకి కళ్లు ఎర్రబడి ఇంటికొచ్చాడు గానీ, ఆ సంగతి అప్పటికి తెలియదు.

"మా తమ్ముడు కాదు సార్" అన్నాను.

"వాడికీ ఒక అక్క ఉంటుందమ్మా. ఆ పేజీ మూసెయ్యకు, తెరిచే ఉంచు" అన్నారు సార్.

పేరు గడి ఖాళీగా ఉన్న ఆ పేజీని అలాగే ఉంచి, ఫోన్ పెట్టెయ్యకుండా కూర్చున్నాను. ఎంతసేపటికో నా వయసు అమ్మాయి ఒకతె చెప్పుల్లేకుండా వచ్చింది. "అక్కా, మా తమ్ముడు పొద్దుగాల పోయిండు, ఇంకా రాలే. గళ్ల అంగి ఏసుకున్నడు" అంది. లోపలికి తీసుకెళ్లి చూపించాను. వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత తనే కౌంటరు దగ్గరికి వచ్చి తమ్ముడి పేరు చెప్పింది. నా వేళ్లు కదల్లేదు. ఆమె మొహం చూస్తుంటే నన్ను నేను చూసుకుంటున్నట్టే ఉంది.

"సార్, కొట్టనీకి వస్తలేదు" అన్నాను.

"ఏం పేరు చెప్పిందమ్మా?"

చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం అందించారు, నేను కొట్టాను. "పడిందా? ఒకసారి పైకి చదువు, ఏమో" అన్నారు. చదివాను. కౌంటరు అంచు రెండు చేతులా పట్టుకుని ఆ అమ్మాయి నాతోపాటు ఆ పేరు పలికింది, ఫోన్లో సార్ కూడా పలికారు.