తెర పక్కన స్టూలు

మొన్న చలికాలంలో మా సిరోంచలో మనవరాలి బడి గ్యాదరింగ్ జరిగింది. గ్యాదరింగ్ అంటే మరేమీ కాదు, బడి వార్షికోత్సవమే. మహారాష్ట్ర బడులు కనుక ఆ మాటే మా నోటికి అలవాటు. పిల్ల నాటకంలో రాణి వేషం వేస్తున్నదని నేను మూడు గంటలకే వెళ్ళి రెండో వరసలో కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. నాటకం మొదలయ్యాక గానీ తెలియలేదు, పిల్లలెవరూ మాట్లాడటం లేదని. మాటలన్నీ ముందే ఎక్కడో రికార్డు చేయించి పెద్ద పెద్ద స్పీకర్లలో మోగిస్తుంటే, వీళ్ళు పెదవులు కదుపుతూ చేతులు తిప్పుతున్నారు. సరే, కాలం మారింది, మనకెందుకులే అనుకుని చూస్తుండగానే కరెంటు పోయింది. రాణి కుడిచెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మంత్రి రాణి వంక, రాణి సేనాపతి వంక చూసుకుంటూ నిలబడ్డారు. వెనక నుంచి ఈలలు. నాకైతే మనసు ఆగలేదు. ఎవరైనా పక్కనుంచి ఒక్క మాట అందిస్తే పిల్లలు ముందుకు పోతారు గదా అని తెర పక్కకు తొంగిచూశాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల దొంతర ఒకటి, దాని మీద ఎవరిదో స్వెట్టరు ఉన్నాయి, మనిషి లేడు.

ఆ చోటు నాకు బాగా తెలుసు. నా ఇరవయ్యో ఏట ఒక చలికాలమంతా నేను అక్కడే కూర్చున్నాను, ఇక్కడ కాదు, నాగపూర్‌లో.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో సిరోంచ అంటే వానాకాలంలో వాగులు పొంగితే అహేరి నుంచి వచ్చే ఎస్టీ బస్సు, అదే మహారాష్ట్ర సర్కారు బస్సు, కూడా మొహం చాటేసే ఊరు. ప్రాణహిత మీద వంతెన లేదు, అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవే దిక్కు. మా బాపుకు, అంటే నాన్నకు, బజారులో బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల నుంచి పంచెలకూ చీరలకూ వచ్చేవాళ్ళతో కాసింత గోండీ, ఇలా మూడు భాషల మధ్య పెరిగినవాణ్ణి. దీపావళి దాటాక అహేరి వైపు ఊళ్ళలో జాతరలకు ఆడే మరాఠీ నాటకాలు మేనమామ వెంట తిరిగి చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. నాగపూర్‌లో నాటకం నేర్పే పాఠశాల ఒకటి ఉందని తెలిసిన నాటి నుంచి ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు, అలిగి కూర్చోవడం ఒక్కటే నాకు అప్పటికి బాగా వచ్చిన నటన.

మా బాపు తక్కువ మాట్లాడే మనిషి. నాలుగు రోజులు నన్ను చూడనట్టే ఉన్నాడు. ఐదో రోజు పంచె మడతపెడుతూ, తల ఎత్తకుండానే, "ఒక్క ఏడు చూస్త. స్టేజీ మీద కనవడ్డవా, ఇగ నీ ఇష్టం. లేదంటవా, వచ్చి దుకాణంల కూసో" అన్నాడు. ఇంతకన్న మంచి మాట లోకంలో ఉంటుందని నాకు అప్పుడు అనిపించలేదు. మర్నాడే ట్రంకుపెట్టె సర్దుకున్నాను. జిమల్‌గట్ట దాటి అడవిలో బస్సు పోతుంటే కిటికీలో నుంచి నేను వేయబోయే వేషాలన్నీ కనబడ్డాయంటే నమ్మండి.

ఆ పాఠశాలలో దీపావళి దాకా పాఠాలు, దీపావళి నుంచి హోలీ దాకా నాటకాలు. విద్యార్థులు వేసే నాటకాలు నాలుగు, ఒక్కొక్కటి మూడు సాయంత్రాలు. ఎవరికి ఏ వేషమో ఆఫీసు బయట బోర్డు మీద కాగితం అంటించేవారు. మొదటి కాగితంలో నా పేరు పైనుంచి కిందకూ, కిందనుంచి పైకీ వెతికాను. అట్టడుగున, దీపాలవాడి పేరు కింద దొరికింది. ప్రాంప్టర్. అంటే తెర పక్కన కూర్చుని, మాట మరిచిన నటుడికి మాట అందించేవాడు. మా మాస్టారు చెడ్డవాడేమీ కాదు, పిలిచి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు: నీ మరాఠీ మాట చివర తెలుగు సాగుతుంది, అది పోవడానికి టైం పడుతుంది, కానీ నీ జ్ఞాపకం గొప్పది, పుస్తకం నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత అని. మెచ్చుకున్నాడో పక్కన పెట్టాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

స్టూలు, ఒళ్ళో పుస్తకం, చేతిలో పాత గుడ్డ చుట్టిన టార్చిలైటు. ఇదీ నా వైభవం. అయితే ఆ పనిలోనూ ఒక విద్య ఉందండోయ్. మాట ముందే అందిస్తే నటుడికి కోపం, ఆలస్యమైతే జనానికి నవ్వు. వాక్యమంతా చెప్పకూడదు, మొదటి మాట చాలు. మాట పోయినప్పుడు నటుడి కళ్ళు అబద్ధం ఆడతాయి, ఏదో ఆలోచిస్తున్నట్టు నటిస్తాయి, వేళ్ళు మాత్రం ఆడలేవు. వేళ్ళు ఆగిపోయాయంటే నోట్లో మాట లేదన్నమాట. నేను రెండు నెలల్లో వాళ్ళందరి వేళ్ళూ కంఠస్థం చేశాను. అన్నిటికన్న పెద్ద నియమం, ప్రాంప్టరు గొంతు మొదటి వరసకు కూడా వినబడకూడదు. వినబడిందా, వాడికంటే పనికిమాలినవాడు లేడు.

మరి ఇంటికి ఏమని రాయాలి? మొదటి నాటకంలో పోస్టుమాన్ వేషం వచ్చిందని రాశాను. చిన్న వేషం కదా, చిన్న అబద్ధం అనుకున్నాను. రెండో నాటకానికి మంత్రినయ్యాను. మూడోదానికి కథానాయకుడి తమ్ముణ్ణి. ఎవరెవరు ఏం కట్టుకున్నారో, ఎక్కడ నిలబడ్డారో, జనం ఎక్కడ చప్పట్లు కొట్టారో తెర పక్కనుంచి అంతా చూసేవాణ్ణి గనుక ఉత్తరాలు బ్రహ్మాండంగా కుదిరేవి, నేను చేసిన అసలు నటన అంతా ఆ ఉత్తరాల్లోనే ఉంది. బాపు నుంచి పోస్టుకార్డు వచ్చేది. ఇక్కడ అందరం క్షేమం, నాగపూర్‌లో చలి ఎక్కువట, రగ్గు కప్పుకో. పోస్టుమాన్ గురించి గానీ మంత్రి గురించి గానీ ఒక్క ముక్క ఉండేది కాదు.

ఆ చలికాలం ఎంత ఒంటరిగా గడిచిందో ఏం చెప్పను! నాటకం అయిపోగానే వేషాలు వేసినవాళ్ళు రంగు కడుక్కుంటూ ఒకరినొకరు వెక్కిరించుకునేవారు, నాకు కడుక్కోవడానికి రంగు ఉండేది కాదు. ఫొటోలు తీసేవేళకు నేను కుర్చీలు సర్దుతూ ఉండేవాణ్ణి. నాలుగు నాటకాల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను. గదిలో తెలుగు మాట్లాడేవాడు లేడు. ఆదివారాలు పొద్దున్నే ఎస్టీ స్టాండుకు నడిచివెళ్ళి, చంద్రపూర్ వైపు పోయే బస్సుల దగ్గర ఊరికే నిలబడేవాణ్ణి, మావైపు వాళ్ళెవరైనా మాట్లాడుకుంటుంటే విందామని. ఒకసారి ఎవరో పెద్దమ్మ తన మనవణ్ణి "గటు పోకురా, తప్పిపోతవ్" అని కసురుకుంది. ఆ తిట్టు వినడానికే ఆ బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాను.

ఆ పాఠశాలలో ఒక ఆచారం ఉండేది. చివరి నాటకం చివరి సాయంత్రం మొదటి వరస కుర్చీలన్నీ విద్యార్థుల ఇంటివాళ్ళవి. ఎవరి కుర్చీకి వాళ్ళు చీటీ అంటించుకోవాలి. నాలుగో నాటకానికి పది రోజుల ముందు బాపు కార్డు వచ్చింది, వీలైతే వస్తానని. వస్తే నా బండారం బయటపడుతుంది, ఒప్పందం ప్రకారం ట్రంకుపెట్టె సర్దుకోవాల్సిందే. రాకపోతేనో, నా వాళ్ళెవరూ రాని కుర్చీ ఒకటి అందరి ముందూ ఖాళీగా ఉంటుంది. రావాలనీ రాకూడదనీ రెండు మొక్కులూ ఒకే దేవుడికి మొక్కాను. చీటీ మీద నా పేరు, దాని కింద 'నాన్న' అని మరాఠీలో రాసి, అన్నం మెతుకుతో అంటించాను.

ఆ సాయంత్రం తెర సందులో నుంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కొక్క కుర్చీ నిండింది. ఒకరి తల్లి డబ్బాలో లడ్డూలు తెచ్చింది, ఇంకొకరి తాత కోటు వేసుకుని వచ్చాడు. నా కుర్చీ ఖాళీ. మొదటి అంకం అయినా ఖాళీయే, రెండో అంకం అయినా ఖాళీయే. అమ్మయ్య అనుకున్నాను, అనుకుంటూనే పుస్తకం మీద కన్నీళ్ళు పడ్డాయి. ఇది నిజం, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

చివరి అంకంలో కొడుకు ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంటి గుమ్మం ముందుకు వచ్చి, తలుపు తియ్యమ్మా, నేను వచ్చేశాను అనాలి. ఆ మాట మీదే నాటకమంతా నిలబడి ఉంది. మా కథానాయకుడు గుమ్మం దాకా వచ్చాడు, వేళ్ళు ఆగిపోయాయి. నేను అందించాను. అతనికి వినబడలేదు. కొంచెం గట్టిగా అన్నాను. ఊహూఁ, గుడ్లప్పగించి నిలబడ్డాడు. ఇంకా గట్టిగా అన్నాను. ఆఖరికి ఏమైందో నాకే తెలియదు, లేచి నిలబడి "తలుపు తియ్యమ్మా, నేను వచ్చేశాను!" అని మరాఠీలో గొంతు పగిలేలా అరిచాను. హాలంతా నవ్వులే నవ్వులు. మాస్టారు ఆ రోజు భుజం మీద చెయ్యి వేయలేదు. అనవలసినవన్నీ అందరి ముందూ అన్నాడు.

మర్నాడే నేను ట్రంకుపెట్టె సర్దుకున్నాను. సిరోంచలో బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఆ పైరోజు మిట్టమధ్యాహ్నం. దుకాణంలో ఉండాల్సిన బాపు ఇంటి గుమ్మంలో, బార్లా తీసిన తలుపు పక్కన కూర్చుని ఉన్నాడు. నాటకాలు నాకు పడవు బాపూ అన్నాను. ఎందుకని అడగలేదు, పోస్టుమాన్ ఏమయ్యాడని అడగలేదు. "బువ్వ తిను. తాళంచేతులు గా మూలకు ఉన్నయ్" అన్నాడు, అంతే. నేను మాత్రం లోపల పెద్ద కోపం పెట్టుకున్నాను. వీలైతే వస్తానన్నవాడు రాలేదు, నా కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంచాడు అని. ఆ కోపాన్ని పాతికేళ్ళు పైగా మోశాను. పక్కపక్కనే కూర్చుని బట్టలు చింపి అమ్మాం, ఆ మాట మాత్రం మా మధ్యకు రానివ్వలేదు.

బాపుకు డెబ్బై దాటాక మతిమరుపు మొదలైంది. జిమల్‌గట్ట నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చే ప్రతి మనిషినీ పేరుపెట్టి, వాళ్ళ పిల్లల పేర్లతో సహా పలకరించడం ఆయన గొప్ప. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడితే, గుడ్డ మీద ఆయన వేళ్ళు ఆగిపోయేవి. ఆ ఆగడం నాకు తెలియనిదా? గల్లాకు వెనకగా, చీరల అరల పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. పేరులో మొదటి ముక్క చాలు, మిగతాది ఆయనే అందుకుని, ఏదీ మరవనట్టే నవ్వుతూ పలకరించేవాడు. వచ్చినవాళ్ళకు ఏమీ తెలిసేది కాదు. అబద్ధమెందుకు, నా జీవితంలో నేను బాగా చేసిన పని అదే.

ఒకరోజు జిమల్‌గట్ట నుంచి పాత గిరాకీ ఒకాయన మనవరాలి పెళ్ళి బట్టలకు వచ్చాడు. బాపు వేళ్ళు ఆగాయి. పేరు అందించాను, వినబడలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి నా గొంతు దుకాణమంతా వినబడింది, గిరాకీలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బాపు మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నాగపూర్ల గూడ గిట్లనే అయింది గదరా. నువ్వు తలుపు తియ్యుమని అరిస్తెనే గా పోరడు మాట్లాడిండు."

"నువ్వు వచ్చినవా బాపూ?" అన్నాను.

"రాక? ముంగట కుర్సీల కూసుంటే నువ్వు బెదురుతవని ఎనుక గోడకు నిలవడ్డ. మూడు గంటలు దేవులాడిన, ఏడ కనవడలే. ఇగ లేవు అనుకున్న. ఆఖరుకు ఇనవడ్డవ్. హాలంత ఇనవడ్డవ్ బిడ్డా." 

నన్ను కలవకుండా ఎందుకు వెళ్ళిపోయావని, తెలిసి కూడా ఇన్నేళ్ళు ఎందుకు అడగలేదని, నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆయన ముందుకు తిరిగి, ఎదుటి మనిషిని అప్పుడే చూస్తున్నట్టు, ఏం కావాలె పటేలా అంటున్నాడు. మళ్ళీ ఎన్నిసార్లు కదిలించినా నాగపూర్ ఆయనకు గుర్తురాలేదు. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు.

ఇప్పుడు నదుల మీద వంతెనలు వచ్చాయి, బస్సులూ బైకులూ వానకు ఆగడం లేదు. మొన్న గ్యాదరింగ్ రోజు పావుగంటకు కరెంటు వచ్చింది, స్పీకరు ఆగిన చోట నుంచే మాట్లాడింది, రాణి చెయ్యి దించి మళ్ళీ పెదవులు కదిపింది. ఇంటికి వచ్చేటప్పుడు, నీ మాటలు నీకు నోటికి రావా బిడ్డా అని అడిగితే, "పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి గదా తాతా" అని నవ్వింది. ఆ పిల్లను ఏమనగలను? మాట మరిచిపోతామేమో అన్న భయం లేదు వాళ్ళకు, పక్కన ఒకడు కూర్చుని తమ వేళ్ళ వంకే చూస్తుంటాడన్న ధైర్యమూ తెలియదు.

దుకాణం ఇప్పటికీ నడుస్తున్నది. పొద్దున కాసేపు నేనే కూర్చుంటాను. నిన్న ఎవరో వచ్చారు, బాగా తెలిసిన మొహమే, చిన్నప్పటి నుంచి చూస్తున్న మొహమే. నవ్వుతూ నిలబడ్డాడు. గుడ్డ మీద నా వేళ్ళు ఆగిపోయాయి. నేను వెనక్కి తిరిగి, చీరల అరల వైపు చెవి పెట్టాను.