నూటికి తొంభై కలే

నబుకాలు కంపాలాలో సర్వే లెక్కలు తీసే ఆఫీసులో పనిచేస్తుంది. మళ్లీ మహమ్మారి వస్తే టీకా వేయించుకుంటారా, ఏటా వచ్చే ఫ్లూకైనా వేయించుకుంటారా అని మసాకా చుట్టుపక్కల ఊళ్లలో అడిగించారు. నూటికి తొంభై మంది సై అన్నారట. ఆఫీసు పెద్ద, డాక్టర్ బ్యెక్వాసో ఆ అంకె చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తీరా మొదటి ఊళ్లో ఫ్లూ టీకా శిబిరం పెడితే, పట్టుమని పదిమంది రాలేదు. నర్సులు సాయంత్రం దాకా ఈగలు తోలుకుని తిరిగొచ్చారు.

నబుకాలు గుండెల్లో రాయి పడింది. తర్వాతి శిబిరం ఆమె పుట్టినూళ్లోనే. అక్కడ తండ్రి సెబులిబా ఉన్నాడు. కిందటి వానల్లో ఫ్లూ సోకి ఆస్పత్రిలో పడి, చావు తప్పి బయటపడ్డాడు. ఇంకోసారి వస్తే మనిషి దక్కడని అక్కడి డాక్టర్లు తేల్చి చెప్పారు. సర్వేలో ఆయన కూడా సై అన్నవాడే.

జనం ఎందుకు రాలేదో చూద్దామని, రికార్డు చేసిన జవాబులు వినడం మొదలుపెట్టింది. సై అన్నవాళ్లలో ఎవరి జవాబు విన్నా ఒకటే మాట, కలే. అక్కడి లుగాండా భాషలో కలే అంటే సరే. సర్వేవాళ్లు దాన్ని తీసుకెళ్లి 'అవును' గడిలో కొట్టేశారు. ఎండనపడి వచ్చిన మనిషిని నొప్పించకుండా సాగనంపడానికి కూడా కలే అనే అంటారు. సర్వేవాళ్లూ ఈ గడ్డ మీద పుట్టినవాళ్లే, ఇది తెలియదా? తెలుసు. గడి కనబడగానే బుర్ర పనిచేయదు, అంతే. తెలుగు చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో, డాక్టరుగారి తొంభై కూడా అంతే.

నబుకాలుకి మాత్రం తెలియదా? మేనత్త పెళ్లి సంబంధం తెచ్చినప్పుడల్లా వినయంగా మోకాళ్ల మీద కూర్చుని కలే అంటుంది. ఆ పెళ్లి ఇప్పటికీ కాలేదు.

శిబిరానికి వచ్చిన ఆ కొద్దిమంది ఏమన్నారో వెతికి విన్నది. వాళ్లెవరూ కలే అనలేదు. జలుబుకి అల్లం, నిమ్మకాయ చాలవా, ముందు మీ ఆఫీసరు పొడిపించుకున్నాడా అని సర్వేవాళ్ల ప్రాణం తోడేశారు. వాళ్లందరినీ 'కాదు' గడిలో పడేశారు.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వెళ్లింది. తండ్రి మతోకే అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మోకరిల్లి పలకరించి, రేపు టీకాకి వెళ్దామంది.

"కలే, తల్లీ," అన్నాడు ఆప్యాయంగా.

నబుకాలుకి ఏడుపు ముంచుకొచ్చింది.

"నాన్నా, నా దగ్గర కలే అనొద్దు. ఇష్టం లేకపోతే తిట్టు, దెబ్బలాడు. నువ్వు పోతే నాకెవరున్నారు?"

ముసలాయన తినడం ఆపి కూతురి ముఖంలోకి చూశాడు. తర్వాత గొంతు పెంచాడు.

"అయితే చెప్పు. జలుబుకి సూదేమిటి? కరోనాకని రెండుసార్లు పొడిచారుగా, అది చాలదా? చెయ్యి వాస్తే అరటితోట ఎవడు చూస్తాడు, నీ ఆఫీసరొచ్చి చూస్తాడా?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అడిగినవాటికల్లా జవాబు చెప్పింది. ఆయన నమ్మలేదు, సణిగాడు, మళ్లీ అడిగాడు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, నర్సుని కూడా నాలుగు ప్రశ్నలతో దులిపి, చొక్కా చెయ్యి మడిచాడు.

కంపాలా తిరిగొచ్చి నబుకాలు కలే సంగతంతా డాక్టరుకి విడమర్చి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగుందమ్మా. కానీ తొంభై అని పైవాళ్లకి చెప్పేశాం. రిపోర్టు అలాగే పంపించెయ్, ఏం?"

"కలే, డాక్టరుగారూ," అంది నబుకాలు, తల వంచి.

ఆయన తృప్తిగా గదిలోకి వెళ్లిపోయాడు. ఆమె తన బల్ల దగ్గర కూర్చుని, తొంభైని చెరిపేసి, లెక్క మొదటినుంచీ మొదలుపెట్టింది.