మీసం దగ్గర ఆగిన బొమ్మ

మా మనవలు పెన్సిలు సగం అరగకముందే పారేస్తారు. నేను ఏరి డబ్బాలో వేస్తాను. నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నా చిన్నప్పుడు పెన్సిలు వేళ్ళకు అందనంత పొట్టిదయితే వెదురు గొట్టంలో దూర్చి గీసేదాన్ని.

నేను బడికి పోయింది ఒక్క ఏడాది, అదీ మునగాలలో. నైజాం ఏలుబడిలో ఉన్న మా సూర్యాపేట వైపు గొడవలు ముదిరాయి. చుట్టూ నైజాం ఉన్నా మునగాల నైజాంది కాదు. అందుకని నాన్న అమ్మనూ నన్నూ అక్కడ మేనత్త ఇంట్లో వదిలి, ఇల్లూ గొడ్లూ చూసుకోవడానికి తాను వెనక్కి వెళ్ళాడు. "ఇంట్ల ఉండి ఏం జేస్తది, నా పానం తీసుడు దప్ప" అని అత్త నన్ను బడిలో వేసింది.

బొమ్మల మేష్టారు కోదాడ అవతల, బెజవాడ వైపు మనిషి. మొదటిరోజే ముక్కాలిపీట మీద కూజా పెట్టించి, "అమ్మాయ్, దీన్ని ఉన్నదున్నట్టు దించు చూద్దాం" అన్నాడు. నేను లేచి, కూజాను రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణక్కుండా నేల మీదికి దించి వచ్చి కూర్చున్నాను. మా ఇంట్లో బొమ్మను గీస్తారు. దించేది నెత్తిమీది గంపను.

పిల్లలంతా గొల్లుమన్నారు. మేష్టారూ నవ్వాడు గాని, కూజాను మళ్ళీ పైన పెట్టలేదు.

"పీట మీద ఉన్నప్పుడు దాని మూతి అడ్డగీతలా కనిపించింది. ఇప్పుడెలా ఉంది?"

"కోడిగుడ్డు లెక్క."

"అదే గియ్యి. కూజా ఎలా ఉంటుందో నీకు తెలుసు, అది మర్చిపో. కంటికి ఎలా కనిపిస్తే అలా."

అప్పటినుంచి రోలు, పిల్లి, చాట, ఏది కనబడితే అది గీశాను. పొయ్యి దగ్గర కూర్చున్న అత్తనూ గీశాను.

"నా ఈపు గీసినవేందే? మొఖానికేం రోగమొచ్చింది?"

"నువ్వు ఇటు తిరిగితె గద అత్తా!"

ఒకనాడు పొద్దున్నే నాన్న వచ్చాడు. పొద్దుగూకేలోపు మళ్ళీ బండెక్కాలి. అటు పోయినవాళ్ళంతా తిరిగి రావడం లేదని అమ్మా అత్తా గుసగుసలాడుకోవడం విన్నాను. ఆయన ముఖం ఎలాగైనా నా దగ్గర ఉంచుకోవాలనిపించింది.

నాన్న అన్నం తిని నులకమంచం మీద ఒరిగి నిద్రపోయాడు. చోటు కాళ్ళ దిక్కే దొరికింది. అక్కడే కూర్చుని కనబడింది కనబడినట్టు గీశాను. కాగితం నిండా రెండు పాదాలు, పగిలిన మడమలు, వాటి వెనక పొట్ట, ఎక్కడో చివర చింతగింజంత గదవ, అదే గడ్డం.

అత్త తొంగి చూసి, "ఓ వదినా! మా అన్నకు పాదాలే మిగిలినయి, తలకాయ కాకెత్కపోయింది!" అని అరిచింది. ఆ అరుపుకు నాన్న లేచాడు.

"మొఖమేది బిడ్డా?"

"గీడికెల్లి కనబడలే నాయినా." నాకు ఏడుపొచ్చింది.

ఆయన లేచి, వెలుతురు పడేలా గడప పక్కన నాకు ఎదురుగా కూర్చున్నాడు. "ఇగ గియ్యి. కదిలితె తిట్టు."

కదిలాడు, తిట్టాను. నుదురు, కళ్ళు, ముక్కు వచ్చాయి. మీసం మొదలుపెట్టబోతుంటే బండివాడు కేకేశాడు.

"మీసం నేనొచ్చినంక గీద్దువు తియ్యి" అన్నాడు నాన్న, నా తల నిమిరి. ఆ కాగితాన్ని నేనెవరినీ ముట్టుకోనివ్వలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక గొడవలు చాలావరకు సద్దుమణిగాయి. ఒక మధ్యాహ్నం గడపలో ఎవరో నిలబడ్డారు.

"ఎవలు గావాలె?" అంది అత్త.

"నీ అన్ననే. అన్నం బెట్టు."

ముఖాన మీసం లేదు! దారుల మీద ఇంకా భయం పోలేదని, ఎవరూ పోల్చుకోకుండా తీసేశాడట. అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను కాగితం తెచ్చాను.

"ఉత్తగ గీసెయ్యి. మీ నాయిన మీసం నీకు తెల్వదా?" అంది అమ్మ.

"కనబడంది ఎట్ల గీస్త?"

"జర ఆగుండ్రి, పెరగనియ్యుండ్రి" అన్నాడు నాన్న.

పెరిగింది. అప్పటికి మేం సూర్యాపేట వచ్చేశాం, నా చదువూ ముగిసింది. రోజూ నా ఎదురుగా కూర్చుని, మజ్జిగలో మీసం ముంచుకుంటూ తాగే మనిషిని కాగితం మీద పెట్టుకునే తొందర నాకింక లేకపోయింది.