యేసోబు గుండె, నా కిటికీ అద్దాలు

ఈ మాట మోసి మోసి అలిసిపోయాను. పశ్చాత్తాపం అని పెద్ద పేరు పెట్టను. అలుపు, అంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పబోవడం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ ఎండల గురించో కరెంటు గురించో మాట్లాడి మూసుకున్నాను.

ఎనభైల్లో నేను మాచర్లలో ఫిజిక్సు లెక్చరర్ని. అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోము ఉండేది. దాని పక్కనే పోలీసుల వైర్‌లెస్ ఏరియల్. వాళ్లు మైకు నొక్కి మాట్లాడినప్పుడల్లా ఇక్కడ డాక్టరుగారి ఈసీజీ మిషను ముల్లు ఎగిరిపడేది. కాగితం మీద గీత చెదిరిపోయేది. అందులో రోగి గుండె ఎంతో, పోలీసుల కబుర్లు ఎంతో తేల్చుకోలేక ఆయన తల పట్టుకునేవారు. ఆ గదికి ఏరియల్ వైపు పెద్ద కిటికీ ఉంది. రేకు కొట్టి మూసేద్దామంటే వెలుతురు పోతుందని ఒప్పుకోలేదు.

అప్పుడు నా బుర్రలో పురుగు తొలిచింది. వెలుతురును రానిచ్చి, ఆ ఒక్క తరంగాన్ని మాత్రం బయటే ఆపేసే అద్దం ఎందుకు చేయకూడదు? సన్నటి రాగితీగను సరైన కొలతకు నలుచదరపు చట్రంగా వంచి, ఒక్కో అద్దానికి ఒక్కోటి అంటిస్తే, ఆ కొలతకు సరిపడే తరంగాన్ని అది వెనక్కి కొట్టేస్తుంది. మిగతావాటిని పోనిస్తుంది. లోపల రేడియో పాడుతూనే ఉంటుంది, బయట వేపచెట్టు కనిపిస్తూనే ఉంటుంది. లెక్కలు వేశాను, తీగలు వంచాను, వార్నిషుతో అంటించాను. నాలుగడుగులు వెనక్కి వేస్తే తీగ ఉన్నట్టే తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మిషను పెట్టి చూశాం. గీత శుభ్రంగా వచ్చింది. డాక్టరుగారు నన్ను కావలించుకున్నారు. కాలేజీలో సభ పెట్టి శాలువా కప్పారు. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఒక కానిస్టేబులు మాటల్లో మాటగా అన్నాడు, మేము పరీక్ష చేసిన రోజున వాళ్ల వైర్‌లెస్ సెట్టు రిపేరుకని గుంటూరు వెళ్లిందట. మరి నేను ఆపిందేమిటి? అసలు రాని దాన్ని ఆపి శాలువా కప్పించుకున్నాను.

ఇంటికొచ్చి లెక్క మళ్లీ చూశాను. తప్పు దొరికింది. తీగ గాలిలో వేలాడుతున్నట్టు కొలత వేశాను. కానీ అద్దంలో తరంగం కుదించుకుపోతుంది, కాబట్టి దానికి అంటించే తీగ ఇంకాస్త పొట్టిగా ఉండాలి. పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. నా చట్రాలు ఇంకేదో తరంగాన్ని ఆపుతున్నాయి, సెట్టు తిరిగొచ్చాక పోలీసులది మాత్రం దర్జాగా లోపలికి వస్తోంది. వెంటనే చెప్పాలి కదా? చెబితే ఏమయ్యేది? నవ్వేవాళ్లు, అంతేగా? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు అలాగే జరుగుతూ పోయింది.

ఈలోగా యేసోబు ఆ గదిలోకి వెళ్లాడు. మా వెనక వీధి మనిషి, నాపరాళ్ల క్వారీలో రాళ్లెత్తేవాడు. ఎండకు కళ్లు తిరిగి పడిపోతే తోటివాళ్లు నర్సింగ్ హోముకు తెచ్చారు. మిషను ముల్లు ఎగిరింది. అంతకు ముందైతే డాక్టరుగారు పోలీసులను తిట్టుకుని మళ్లీ తీసేవారు. ఇప్పుడు కిటికీకి నా అద్దాలున్నాయి కదా. అందుకని ఎగిరింది యేసోబు గుండే అనుకున్నారు. గుండె లయ తప్పుతోంది, బరువు ఎత్తావంటే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పి పంపించారు.

అది విన్నాక పరిగెత్తాను. ఎక్కడికి? యేసోబు ఇంటికి కాదు, కిటికీ దగ్గరికి. అద్దాలు తుడుస్తానని సాకు చెప్పి, తీగలు కత్తిరించి, పొట్టి చేసి మళ్లీ అంటించాను. పక్కన పోలీసుల సెట్టు గోల చేస్తుండగా మిషను నాకే తగిలించుకుని చూశాను. గీత చక్కగా వచ్చింది, అంటే పాత కొలతే తప్పు. కాబట్టి తెలియక జరిగిందని ఇక నేను అనలేను. యేసోబుకు మళ్లీ ఒకసారి తీయండి, ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, ఎందుకని అడుగుతారు. తప్పు ఎవరికీ కనిపించకుండా దిద్దుకోవడానికి పనికొచ్చిన తెలివి, ఆ మాట అనడానికి వచ్చేసరికి ఏమైపోయిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

యేసోబు పని మానేశాడు. అతని బదులు భార్య మరియమ్మ క్వారీకి వెళ్లడం మొదలుపెట్టింది. కాలేజీకి వెళ్లాలంటే వాళ్ల అరుగు ముందు నుంచే వెళ్లాలి. ఒకరోజు ఆగాను.

"ఎట్టా ఉంది యేసోబూ?"

"ఏం చెప్పమంటారు సారూ. కూకుంటే ఏం లేదు. లేసి నాలుగడుగులేస్తే దడ."

"దడ భయానికి కూడా వస్తది. ఇంకోసారి చూపించుకోకపోయావా?"

"ఎందుకు సారూ? మీ అద్దాలు పెట్టినాక ఆ మిసను అబద్ధం చెప్పదని డాక్టరుగారే అన్నారు. మీరు పెట్టబట్టి తెలిసింది గానీ, లేకపోతే రాయెత్తుతా ఎత్తుతానే పోయేవోణ్ణి. చానా మేలు చేశారు." వీధి చివరకేసి చూస్తూ అన్నాడు, "ఆడది రాళ్లు మోస్తంటే నేనిట్టా కూకోవడమే, అదే నావల్ల కావట్లా."

సరే, జాగ్రత్త అన్నాను. జాగ్రత్త! అంతకన్నా నీచమైన మాట నా నోటి నుంచి ఎన్నడూ రాలేదు.

డాక్టరుగారు ఊరు వదిలి వెళ్లిపోయారు. నేను సత్తెనపల్లికి బదిలీ అయ్యాను. వెళ్లిపోతే మర్చిపోతాననుకున్నాను. యేసోబు చాలా ఏళ్లు బతికాడు. చివరికి కామెర్లతో పోయాడు. కబురు తెలిసి వెళ్లాను, శవపెట్టె మోసేవాళ్లలో నేనూ భుజం పట్టాను. మరియమ్మ నడుము వంగిపోయి ఉంది. గుండె జబ్బు మనిషిని ఇన్నేళ్లు బతికించుకున్నావమ్మా అని ఎవరో ఆవిడతో అంటున్నారు. ఆవిడ అవునన్నట్టు తలాడించి, నాకు దండం పెట్టింది. నేను తిరిగి దండం పెట్టాను.

ఆవిడ ఇంకా ఉంది. వెళ్లి చెప్పాలా? చెబితే అన్నేళ్లు రాళ్లు మోసిందంతా వృథాయేనని ఆవిడ చేతిలో పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఆ దండం నా దగ్గరే ఉండిపోతుంది. ఏది న్యాయమో తేల్చుకునే ఓపిక కూడా లేదు. యేసోబుకు నిజంగా జబ్బు లేదని ప్రమాణం చేయలేను, నేను డాక్టర్ని కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎవరికీ చెప్పనిది, మీకు చెబుతున్నాను. ఆ కాగితం మీద ఎగిరింది యేసోబు గుండె అని ఎవరూ అనడానికి లేదు. ఆ సంగతి నాకు తెలుసు. మరియమ్మ రాళ్లు మోసినన్నాళ్లూ నాకు తెలుసు.