మా అత్త కాలు, నా నడుము

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను చదివింది అయిదో తరగతి, అదీ రుద్రవరంలో, వాన వస్తే బడి మూసేసే రోజుల్లో. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ నాకు అనుమానమే. ఇంతకు ముందు ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. వాటిని కూడా మా వాళ్ళు పక్కింటాయన చేత చదివించుకునేవాళ్ళు. కాబట్టి తప్పులు కనిపిస్తే నవ్వుకోండి, చదవడం మాత్రం ఆపవద్దు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు పనికొస్తుందేమో అని ధైర్యం చేసి రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నన్ను ఆళ్ళగడ్డకు ఇచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇద్దరు పిల్లలు. ఒక పొద్దున జొన్నల గంప నెత్తికి ఎత్తుకోబోతే నడుములో ఏదో టక్కుమంది. గంప కింద పడింది. నేను పడలేదు, లేవనూ లేదు. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. మా అత్త వచ్చి కాసేపు నన్ను, కాసేపు చెల్లాచెదురైన జొన్నలను చూసింది.

"ఏందిమే, గింజలు లెక్కబెడతాండావా?" అంది.

ఆ నొప్పి కొన్నాళ్ళకు తగ్గింది కానీ పోలేదు. బాగుంది అనుకుంటే ఒక్క తుమ్ముతో మళ్ళీ పట్టుకునేది. పొద్దున లేవాలంటే ముందు పక్కకు తిరిగి, చేతులు ఆనించి, ముసలి గేదెలాగా లేచేదాన్ని. దీనితో ఇంకో చిక్కు ఏమిటంటే ఇది బయటికి కనిపించదు. జ్వరమైతే నుదుటి మీద చేయి పెట్టి చూస్తారు. నేనేమో మామూలుగా తింటాను, మామూలుగా మాట్లాడతాను, బిందె ఎత్తమంటే మాత్రం మొహం ముడుచుకుంటాను. పని ఎగ్గొట్టే కోడళ్ళు కూడా సరిగ్గా అట్లాగే ఉంటారు.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. ఆమె పుట్టినప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు వచ్చాయట. మా వైపు నడుము పట్టేస్తే అట్లా పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటారు. ఆదివారం పొద్దున పరగడుపున వచ్చి బోర్లా పడుకుంటే, ఎడమ కాలితో నడుము మీద మూడుసార్లు తొక్కాలి. ఆ తర్వాత లేచి, ఆకువక్క చేతిలో పెట్టి, ఆ కాళ్ళకు వంగి మొక్కాలి. దుడ్లు తీసుకోకూడదు, ఒక్క పైసా అయినా సరే. శిరివెళ్ళ నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. ఆదివారం వస్తే మా అత్త తెల్లవారక ముందే కాళ్ళు కడుక్కొని వసారాలో పీట మీద కూర్చునేది. ఆ రోజు కాలికి మట్టి అంటనిచ్చేది కాదు.

"ఊరి నడుములన్నీ నా కాలితో బాగైతాండాయి. ఇంట్లో నడుము ఎంత?" అని నన్నూ పడుకోబెట్టింది.

ఎదురింటి అక్క తన పని వదిలేసి చూడడానికి వచ్చింది.

"మెల్లగా తొక్కు పెద్దమ్మా, మళ్ళా ఇట్లాంటి కోడలు దొరకదు!"

"మెల్లగా తొక్కితే నొప్పి గూడా మెల్లగా పోతాది," అని మా అత్త కాలు మోపింది.

నిజం చెప్పాలంటే హాయిగానే ఉండింది. కాలు వెచ్చగా ఉంది, బరువు సమంగా పడింది. లేచి నిలబడితే నడుము తేలిగ్గా అనిపించింది. ఎంతో సంతోషంగా ఆకువక్క ఇచ్చి, వంగి రెండు చేతులతో ఆమె పాదాలు ముట్టుకున్నాను. టక్కుమంది.

"చల్లగుండు," అంది మా అత్త. నేను లేవలేదు. "చల్లగుండు అంటి గదా, లెయ్." నేను లేవలేదు. "చాల్లేమే, అంత భక్తి వద్దు!"

ఎదురింటి అక్క, మా ఆయన కలిసి నన్ను పైకి లేపారు.

ఎందుకు పనిచేయలేదని వీధిలో పెద్ద చర్చ జరిగింది. ఎదురింటి అక్కే కనిపెట్టింది. నేను ఇచ్చిన ఆకువక్క మా అత్త సంచిలోదే. "ఆమె వక్క ఆమెకే ఇస్తే ఎట్ల పనిచేస్తాది?" అంది. తర్వాతి ఆదివారానికి మా ఆయన అంగడి నుంచి కొత్త వక్కలు తెచ్చాడు. మళ్ళీ తొక్కడం, మళ్ళీ హాయి, మళ్ళీ మొక్కడం, మళ్ళీ టక్కు. ఆ మరుసటి ఆదివారం కూడా అంతే. అప్పటికి నాకే సిగ్గేసి, ఎట్లాగూ కిందే ఉన్నాను కదా అని వసారాలో పడిన ఆకులు ఏరడం మొదలుపెట్టాను.

ఇది ఊరంతా పాకింది. సొంత కోడలి నడుమే బాగు చేయలేని కాలు మన నడుము ఏం బాగు చేస్తుంది అన్నారు. ఒక ఆదివారం ఒక్క బండి కూడా రాలేదు. మా అత్త ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పీట మీద కూర్చొని, లోపలికి వచ్చి, నా ముందరే మా ఆయనతో అంది.

"నా కాలు అబద్ధం చెప్పదు. నాటకమాడేది ఈమే. ఉగాది లోపల నడుము నిలబడకుంటే రుద్రవరంలో ఇడిసిపెట్టి రా. బాగైనంక వస్తాది. పిల్లోళ్ళు ఈడే ఉంటారు."

పుట్టింట్లో ఇడిసిపెట్టినవాళ్ళు తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. బాగైనాక అంటే ఎప్పుడు? పిల్లలకు జడ ఎవరు వేస్తారు? ఆ రోజు నుంచి పళ్ళు బిగించి నిటారుగా తిరిగాను. "గెడకర్ర మింగిన మాదిరి నడుస్తాండావేంది?" అని ఎదురింటి అక్క నవ్వింది.

మా ఆయన మాట తక్కువ మనిషి. "నంద్యాలలో పెద్ద డాక్టరుకు చూపిద్దాం," అని ఒక్క మాట అన్నాడు.

"నేను గూడా వస్తా," అంది మా అత్త. "నాటకమని ఆయన నోటితోనే చెప్పిస్తా." మా ఆయన్ను పిల్లల దగ్గర ఉంచి మేమిద్దరమే బయలుదేరాం.

బస్సులో కూర్చుంటే గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం పోతోంది. అందుకని నంద్యాల దాకా నిలబడే ఉన్నాను. సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు, "కూచోమ్మా," అన్నాడు.

"కూచోదప్పా," అంది మా అత్త. "నిలబడితేనే గదా అందరూ చూసేది."

డాక్టరు నన్ను పడుకోబెట్టి, కాలు ఒక్కొక్కటే పైకెత్తి, నడుము తట్టి చూసి, ఎక్స్‌రే తీయించాడు. ఆ నల్ల ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. మా అత్త దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇది నా కోడలేనా?"

"అవునమ్మా."

"ఇంత సన్నంగా లేదే!"

ఆయన నవ్వి, వెన్నులో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తలాంటిది ఉంటుందని, నాకు అడుగున ఉన్నవి అరిగి అణిగిపోయాయని, బరువులు మోసి మోసి కొందరికి చిన్న వయసులోనే ఇట్లా అవుతుందని చెప్పాడు.

"పరుపు అణిగితే దూదేకులాయన దూది ఏకి మళ్ళా నింపుతాడు గదప్పా. దీన్ని ఏకలేరా?"

"ఏకలేమమ్మా. ఇది పూర్తిగా పోదు. జాగ్రత్తగా ఉంటే పెరగదు, అంతే."

మా అత్త ఆ ఫొటోను ఇంకోసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "అయితే నాటకం గాదా?" అంది.

"నాటకమైతే ఫొటోలో పడుతుందా?"

నాకు అక్కడే ఏడుపు వచ్చింది. నొప్పి పోదని చెప్పిన మనిషికి దండం పెట్టాలనిపించింది.

ఆయన జాగ్రత్తలు చెప్పాడు. చెక్క బల్ల మీద పడుకోవాలి. నీళ్ళు చిన్న చెంబులతో తెచ్చుకోవాలి. ఏదైనా తీయాలంటే మోకాళ్ళు మడిచి కూర్చొని తీయాలి. రోజూ నడవాలి. బోర్లా పడుకొని ఛాతీ పైకెత్తే కసరత్తు చేయాలి. ముందుకు మాత్రం వంగకూడదు.

"మొక్కేదానికి గూడానా?" అంది మా అత్త.

"దేనికైనా సరే."

మా అత్త తొడ చరుచుకుంది. "అట్ల చెప్పప్పా! నా కాలు బాగు చేస్తాంటే ఈమె మొక్కి చెడగొడతాండాది!"

డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. సంగతంతా విని, ఇక మీదట నా నడుము మీద ఎవరూ కాలు పెట్టకూడదని గట్టిగా చెప్పాడు. మా అత్త ఏమీ జంకలేదు. "పొద్దస్తమానం కుర్చీలో కూచుంటావే, నీ నడుము ఎట్లుంది నాయనా?" అని అడిగింది. ఆయన చేయి దానంతట అదే నడుము మీదికి పోయింది. వెంటనే తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి మా ఆయన ఎదురొచ్చాడు. నా మొహం చూడకుండా, "ఏమన్నాడుమా? రుద్రవరం పంపాల్నా?" అని అడిగాడు.

"రుద్రవరంలో ఈమెను ఎవురు చూస్తారురా? వాళ్ళమ్మ వంగి కళ్ళాపి చల్లమంటాది," అంది మా అత్త. "ఈడే ఉంటాది. ముందు బల్ల చేయించు."

బల్లతో ఆగలేదు. పొయ్యి నేల మీద ఉంటే వంగాల్సి వస్తుందని, కొలిమిగుండ్ల వైపు నుంచి నాపరాళ్ళు తెప్పించి నా నడుము ఎత్తున అరుగు కట్టించి, దాని మీద పొయ్యి పెట్టించింది. నిలబడి వంట చేయడం మా వీధిలో ఎవరూ చూడలేదు.

"వంట చేస్తాండావా, ఉపన్యాసం ఇస్తాండావా?" అని ఎదురింటి అక్క అడిగింది.

"ఆమెవి మెత్తలు అరిగినాయి. ఫొటో ఉంది. నీకుందా?" అంది మా అత్త.

ఆదివారాలు మళ్ళీ బండ్లు వచ్చాయి. అయితే ఇప్పుడు మా అత్త అందరినీ పడుకోబెట్టేది కాదు. ముందు "పట్టిందా, అరిగిందా?" అని విచారించేది. అరిగినట్టు అనుమానం వస్తే నంద్యాలకు పంపేది. పండగకు అందరూ వరుసగా ఆమె కాళ్ళకు మొక్కుతుంటే నేనూ అలవాటుకొద్దీ ముందుకొచ్చేదాన్ని. "నువ్వు గోడకాడ నిలబడి మనసులో మొక్కుకో," అని అరిచేది.

నొప్పి ఇప్పటికీ ఉంది. దాని పాటికి అది, నా పాటికి నేను. బల్ల మీద పడుకుంటాను, చెంబులతో నీళ్ళు తెస్తాను, బోర్లా పడుకొని ఛాతీ ఎత్తుతాను. కూర్చొని రాయడం కుదరక ఇదంతా పొయ్యి పక్కన అరుగు మీద కాగితం పెట్టుకొని నిలబడే రాశాను. అక్కడక్కడ అక్షరాలు వాలి ఉంటాయి, ఒకటి రెండు చోట్ల పప్పు కూడా చింది ఉంటుంది. ఒత్తులు తప్పినచోట మీరే సరిచేసుకొని చదువుకోండి. చదువు రాని దాని రాత అని పెద్ద మనసుతో మన్నించండి.